ఈ కోడ్ తీసేయొచ్చా?

ఫైల్ తెరిచారు. నాలుగు వందల లైన్ల ఫంక్షన్ ఒకటి కనిపించింది. పేరు చివర "ఓల్డ్" అని ఉంది. దాని కింద "న్యూ" అని ఇంకొకటి, ఆ కింద "న్యూ2" అని మరొకటి. దేన్ని ఎవరు వాడుతున్నారో తెలీదు. రాసినాయన ఎప్పుడో కంపెనీ మారిపోయాడు. సీనియర్‌ని అడిగితే "నడుస్తోంది కదా, కెలక్కు" అన్నారు. మీరూ ఫైల్ మూసేసి మీ పని చూసుకున్నారు.

అవునా? అయితే ఈ అధ్యాయం మీకోసమే.

ముందుగా ఒక మాట. తీసేస్తే ఏదో ఒకటి ఆగిపోతుందేమోనన్న మీ భయంలో తప్పేమీ లేదు. తెలిసిన డెవలపర్‌కి ఉండాల్సిన భయమే అది. అది పోవాలంటే గుండె నిబ్బరం అక్కర్లేదు. సాక్ష్యాలు చేతిలో ఉంటే చాలు. వాటిని ఎక్కడ, ఏ వరసలో సేకరించాలో చూద్దాం.

ఉంటే ఉందిలే, అన్నం పెట్టమంటుందా?

పెట్టమంటుంది! లైబ్రరీ వెర్షన్ మార్చిన ప్రతిసారీ ఆ పాత కోడ్‌నీ సరిచేయాలి. కొత్తగా చేరిన ప్రతి మనిషీ దాన్ని చదివి అర్థం చేసుకోవాలి. దాని టెస్టులు ప్రతి బిల్డ్‌లోనూ నడవాలి. ఇవన్నీ రోజువారీ ఖర్చులు. ఒక్కోసారి బిల్లు మొత్తం ఒకేసారి చేతికొస్తుంది.

అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే స్టాక్ ట్రేడింగ్ సంస్థ ఉండేది. వాళ్ళ ఆర్డర్ల వ్యవస్థలో "పవర్ పెగ్" అనే సదుపాయాన్ని 2003లోనే వాడటం మానేశారు. కోడ్ మాత్రం అలాగే ఉంచారు. 2005లో ఆర్డర్లు ఎంతవరకు పూర్తయ్యాయో లెక్కపెట్టే భాగాన్ని మరోచోటికి జరిపారు. ఎటూ వాడట్లేదు కదా అని పవర్ పెగ్‌ని మళ్ళీ పరీక్షించలేదు. 2012లో కొత్త కోడ్ రాసినప్పుడు, ఒకప్పుడు పవర్ పెగ్‌ని ఆన్ చేసిన ఫ్లాగ్‌నే దానికి వాడుకున్నారు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ చేరింది. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఎనిమిదో సర్వర్‌లో పవర్ పెగ్ మేలుకుంది. ఆర్డర్ పూర్తయిందని చెప్పే లెక్క దానికి అందదు కాబట్టి ఆపకుండా ఆర్డర్లు పంపుతూనే పోయింది. సుమారు 45 నిమిషాల్లో జరిగిన ఆ గందరగోళానికి మూల్యం 46 కోట్ల డాలర్లకు పైమాటే.

తొమ్మిదేళ్ళపాటు ఎవరూ వాడని కోడ్ అది!

మూడు ప్రశ్నలు గుర్తుంచుకోండి

ఏ కోడ్ ముక్క మీద అనుమానం వచ్చినా ఇవే అడగండి:

• దీన్ని ఎవరు పిలుస్తున్నారు?
• ఇది ఈమధ్య ఎప్పుడైనా నడిచిందా?
• ఇది చేసే పని ఇంకా ఎవరికైనా కావాలా?

మొదటిదానికి జవాబు టూల్ చెబుతుంది. రెండోదానికి సర్వర్ చెబుతుంది. మూడోదానికి మనుషులు చెప్పాలి. చాలామంది టూల్ దగ్గరే ఆగిపోతారు, చేతులు కాల్చుకునేదీ అక్కడే. మొదటి రెండింటికీ "లేదు" అని వచ్చినా, మూడోదాని సంగతి తేలేదాకా చెయ్యి పెట్టకండి.

ఇక పనిలోకి దిగుదాం.

1. మొత్తం ప్రాజెక్టు మీద పడకండి

ఒక ఫోల్డర్ ఎంచుకోండి. మీరు రోజూ పనిచేసేదైతే మరీ మంచిది. ముందు టెస్టులన్నీ నడిపి, అన్నీ పాసవుతున్నాయో లేదో చూసుకోండి. ముందే ఫెయిలవుతున్న టెస్టు ఉంటే, రేపు అది మీ వల్లే ఫెయిలైందన్న నింద మీ మీద పడుతుంది. తర్వాత కొత్త బ్రాంచ్ తీసుకోండి.

తేలికైనవాటితో మొదలుపెట్టండి. వాడని ఇంపోర్టులు, విలువ ఇచ్చి మళ్ళీ ముట్టుకోని లోకల్ వేరియబుల్స్, రిటర్న్ తర్వాత మిగిలిపోయిన లైన్లు, కామెంట్‌లో పెట్టి వదిలేసిన పాత కోడ్. గోలో వాడని ఇంపోర్టు ఒక్కటున్నా కంపైలర్ ఒప్పుకోదు. రస్ట్ కంపైలర్ ఎవరూ పిలవని ఫంక్షన్ కనబడితే హెచ్చరిస్తుంది. జావాలో పనిచేసేవాళ్ళకి ఇంటెల్లిజె ఐడియా ఆ పేర్లని బూడిద రంగులో చూపిస్తుంది. మీరు ఇన్నాళ్ళూ పట్టించుకోని ఆ హెచ్చరికల జాబితాయే మీ మొదటి పని.

2. ఎవరు పిలుస్తున్నారో టూల్‌ని అడగండి

టూల్ నడిపేముందు ఒక చిన్న జాబితా రాసుకోండి: ఈ ప్రాజెక్టులోకి బయటి నుంచి ఎన్ని దారులున్నాయి? మెయిన్ ఫంక్షన్, వెబ్ రూట్లు, రాత్రిపూట నడిచే జాబులు, క్యూ నుంచి మెసేజ్‌లు తీసుకునేవి, చేత్తో నడిపే స్క్రిప్టులు. వీటిలో ఒక్క దారిని టూల్‌కి చెప్పడం మరచినా, ఆ దారిలో వచ్చే కోడ్ అంతా "వాడట్లేదు" అని లెక్కలోకి వస్తుంది.

తర్వాత మీ భాషకి తగిన టూల్:

• పైథాన్: వల్చర్. ప్రతి అనుమానం పక్కన ఎంత నమ్మకమో శాతంలో చెబుతుంది. రిటర్న్ తర్వాతి లైన్లకైతే 100, ఇంపోర్టులకి 90, ఫంక్షన్లకీ క్లాసులకీ 60 మాత్రమే. ఫంక్షన్ విషయంలో టూలే అరవై శాతం అంటుంటే, మనం నూరు శాతం నమ్మడమేంటి?
• జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్: క్నిప్. ఎవరూ తీసుకోని ఎక్స్‌పోర్టులతోపాటు వాడని ఫైళ్ళనీ, వాడని ప్యాకేజీలనీ చూపిస్తుంది.
• గో: డెడ్‌కోడ్. మెయిన్ నుంచి బయల్దేరి ఎక్కడిదాకా చేరుకోగలదో చూస్తుంది. ఫలానా ఫంక్షన్‌ని ఎందుకు వదిలేశావని "వైలైవ్" ఆప్షన్‌తో అడిగితే, అక్కడికి చేరే దారి మొత్తం చూపిస్తుంది.
• జావా: ఇంటెల్లిజెలో "అన్‌యూజ్డ్ డిక్లరేషన్" తనిఖీని ప్రాజెక్టు మొత్తానికి నడపండి.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఒకదాన్నొకటి పిలుచుకునే ఫంక్షన్లు. "ఎ" ఫంక్షన్ "బి"ని పిలుస్తుంది, "బి" తిరిగి "ఎ"ని పిలుస్తుంది, బయటినుంచి ఆ రెండింటినీ పిలిచేవాళ్ళు లేరు. ఎడిటర్‌లో "ఫైండ్ యూసేజెస్" నొక్కితే రెండింటికీ ఒక్కో వాడకం కనిపిస్తుంది. మీరు "వాడుతున్నారులే" అనుకుని వదిలేస్తారు. పిలిచేవాళ్ళు ఉన్నారా అని చూస్తే చాలదు. ఆ పిలిచేవాళ్ళు బతికున్నారా అనీ చూడాలి.

రెండోది, టెస్టు మాత్రమే పిలిచే కోడ్. అసలు ప్రోగ్రామ్‌లో ఎవరూ వాడరు, దాని టెస్టు మాత్రం రోజూ పాసవుతూ ఉంటుంది. టూల్‌ని ఒకసారి టెస్టులతో, ఒకసారి టెస్టులు లేకుండా నడిపి, రెండు జాబితాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడాగా మిగిలినవన్నీ ఈ రకమే.

ఇంకో సంగతి: కొంత తీసేశాక టూల్‌ని మళ్ళీ నడపండి. తీసేసిన ఫంక్షన్ ఒక్కటే పిలుస్తూ వచ్చినవి ఇప్పుడు కొత్తగా బయటపడతాయి.

3. టూల్‌కి వినబడని పిలుపులు వెతకండి

పార్కింగ్ గేటు సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందనుకోండి. బండి నంబర్లో మొదటి రెండు అక్షరాలు తీసుకుని, వాటి ముందు "చెక్_" అని తగిలించి, ఆ పేరున్న ఫంక్షన్‌ని పిలిచే లైను ఒకటుంది. అలా చెక్_ఏపీ, చెక్_టీఎస్, చెక్_టీజీ అని మూడు ఫంక్షన్లు. వల్చర్ నడిపితే మూడింటి మీదా అనుమానం పడుతుంది. పూర్తి పేరుతో వెతికినా పిలిచిన లైను దొరకదు, ఎందుకంటే ఆ పేరు కోడ్‌లో ఎక్కడా పూర్తిగా రాసి లేదు.

కొత్తగా చేరిన కుర్రాడు ఏమనుకుంటాడు? "తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీజీ ఇస్తున్నారు కదా, టీఎస్ పాతదే" అనుకుని చెక్_టీఎస్ తీసేస్తాడు. టూల్ చెప్పిందీ, తనకు తోచిందీ ఒకటే అయ్యాయి, ఇంకేం కావాలి? కానీ అంతకుముందు రిజిస్టరైన బండ్లు టీఎస్ పలకతోనే తిరుగుతున్నాయి. మర్నాడు పొద్దున గేటు దగ్గర హారన్లు మోగుతాయి.

కాబట్టి పేరు వెతికేటప్పుడు ఇలా చేయండి:

• పూర్తి పేరుతోపాటు పేరు ముక్కలతోనూ వెతకండి. "చెక్_" అని మాత్రమే వెతికితే ఆ అతికించే లైను వెంటనే దొరికేది.
• కోడ్ ఫైళ్ళ దగ్గరే ఆగకండి. గిట్ గ్రెప్‌ని రిపాజిటరీ మొత్తం మీద నడపండి. ఎక్స్‌ఎంఎల్, యామల్, హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లు, ఎస్‌క్యూఎల్, షెల్ స్క్రిప్టులు, అన్నీ రావాలి.
• ఫ్రేమ్‌వర్క్ తనంతట తాను పిలిచేవాటిని విడిగా గుర్తుపెట్టుకోండి. స్ప్రింగ్‌లో యానోటేషన్ తగిలించిన మెథడ్‌కి, ఆండ్రాయిడ్ మ్యానిఫెస్ట్‌లో పేరున్న క్లాసుకి పిలిచే లైను మీ కోడ్‌లో కనబడదు.
• రిపాజిటరీ బయట కూడా చూడండి. సర్వర్‌లో క్రాన్ జాబు ఉందా? వేరే టీమ్ మీ లైబ్రరీని వాడుతోందా? మీ మొబైల్ యాప్ అప్‌డేట్ చేసుకోని వాళ్ళు పాత ఏపీఐనే తడుతూ ఉన్నారా?

4. నడిచిందో లేదో సర్వర్‌ని అడగండి

అనుమానం ఉన్న ఫంక్షన్ మొదటి లైన్లో ఒక లాగ్ పెట్టండి: ఫంక్షన్ పేరు, ఈరోజు తేదీ, మీ పేరు. అంతే. ఆ తేదీ ఎందుకంటే, ఆరునెలల తర్వాత చూసినవాళ్ళకి ఎప్పటినుంచి కాపు కాస్తున్నామో తెలుస్తుంది. వెబ్ పేజీల్లో లోడైన జావాస్క్రిప్ట్, సీఎస్ఎస్‌లలో ఎంత భాగం వాడుకలోకి వచ్చిందో క్రోమ్ డెవ్‌టూల్స్‌లోని కవరేజ్ ప్యానెల్ చూపిస్తుంది. కానీ అది మీరు నొక్కిన బటన్ల లెక్కే. మీరు తెరవని మెనూ వెనకున్న కోడ్ కూడా దానికి వాడనిదే.

లాగ్ రాకపోతే వెంటనే సంబరపడకండి. లాగ్ అసలు పనిచేస్తోందా? రోజూ తప్పక నడుస్తుందని మీకు తెలిసిన ఫంక్షన్‌లో కూడా అదే రకం లాగ్ పెట్టండి. అది కనబడుతూ, ఇది కనబడకపోతేనే మీ సాక్ష్యానికి విలువ.

ఎన్నాళ్ళు ఆగాలి? "రెండు వారాలు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. మీ వ్యాపారం చుట్టు తిరిగి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో అన్నాళ్ళు. ఖాతాలు మూసే కోడ్‌కి మార్చి 31 రావాలి. జీతాల సాఫ్ట్‌వేర్‌లో ఫారం 16 తీసే భాగానికి జూన్ రావాలి. ఫిబ్రవరి 29 కోసం రాసిన లైన్లయితే నాలుగేళ్ళకోసారి కళ్ళు తెరుస్తాయి. ఇలాంటివి లాగ్‌తో తేలవు. కోడ్ చదివి తేల్చుకోవాల్సిందే.

ఇక్కడొక తేలికైన సూత్రం ఉంది. లాగ్ ఒక్కసారి కనబడినా ఆ కోడ్ నడుస్తున్నట్టే, రెండో ప్రశ్న వరకు కేసు మూసేయండి. కనబడకపోతే మాత్రం కేసు ఇంకా నడుస్తున్నట్టే.

5. చరిత్ర చూడండి, మనుషుల్ని అడగండి

గిట్ లాగ్‌కి మైనస్ క్యాపిటల్ ఎస్ తగిలించి ఫంక్షన్ పేరు ఇవ్వండి. ఆ పేరు మొదట వచ్చిన కమిట్, దాన్ని పిలిచే చివరి లైను పోయిన కమిట్ రెండూ ఆ జాబితాలో దొరుకుతాయి. "కొత్త బిల్లింగ్‌కి మారాం, పాతది తర్వాత తీసేస్తాం" అని అక్కడ ఎవరో రాసి ఉండొచ్చు. ఆ "తర్వాత" ఈరోజే!

తర్వాత మనుషులు. డెవలపర్లనే కాదు, సపోర్ట్ వాళ్ళనీ అకౌంట్స్ వాళ్ళనీ అడగండి. ఎలా అడుగుతారన్నది ముఖ్యం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో వ్యాట్ లెక్కించే ఫంక్షన్ కనిపించిందనుకోండి. జీఎస్టీ 2017 జులై 1 నుంచి ఉంది. మీరు వెళ్ళి ఇలా అడిగారు:

"మేడమ్, మనకి వ్యాట్ ఇంకా కావాలా?"

"జీఎస్టీ వచ్చి ఇన్నేళ్ళయింది, ఇంకా వ్యాట్ ఏంటి బాబూ?"

అయిపోయింది, తీసేశారు. అదే ఇంకోలా అడిగి ఉంటే?

"మేడమ్, మన కస్టమర్లలో పెట్రోలు బంకులు ఏమైనా ఉన్నాయాండీ?"

"ఉన్నాయిగా, వరంగల్ రోడ్డు మీదివి రెండు. ఎందుకు?"

పెట్రోలు, డీజిల్ జీఎస్టీలోకి రాలేదు, వాటిమీద ఇప్పటికీ వ్యాటే. ఒక్క ప్రశ్న మార్చినందుకు రెండు బంకుల బిల్లింగ్ నిలబడింది. "ఇది కావాలా?" అని అడగకండి. "ఈ పని ఎవరికి పడుతుంది, చివరిసారి ఎప్పుడు పడింది?" అని అడగండి.

పాత లెక్కలు మళ్ళీ తీసి చూపాల్సిన అవసరం ఉందేమో కూడా కనుక్కోండి. జీఎస్టీ చట్టం ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలి. కొత్త బిల్లుకి అక్కర్లేని కోడ్, పాత బిల్లు మళ్ళీ ప్రింటు తీయడానికి కావాల్సి రావచ్చు.

6. ముందు ఆపండి, తర్వాత తీయండి

పాత ఇంట్లో ఏ గదికి పోతుందో తెలియని వైరు కనబడితే ఎలక్ట్రీషియన్ వెంటనే కోసేయడు. ఫ్యూజు తీసి, ఎక్కడ లైటు పోయిందో చూస్తాడు. మీరూ అంతే చేయండి. పెద్ద ముక్కయితే కాన్ఫిగరేషన్‌లో ఒక స్విచ్ పెట్టి ఆపండి. కొన్నాళ్ళు చూడండి. ఎవరూ అరవకపోతే కోడ్ తీసేయండి, దాంతోపాటే ఆ స్విచ్ కూడా.

తీసేటప్పుడు:

• ఒక్కో కమిట్‌లో ఒక్కో విషయమే తీయండి. తేడా వస్తే ఆ ఒక్క కమిట్‌ని గిట్ రివర్ట్ చేస్తే సరిపోవాలి.
• అదే కమిట్‌లో పేర్లు మార్చడం, కోడ్ సర్దడం చేయకండి. రివ్యూ చేసేవాళ్ళకి ఎర్ర లైన్లు మాత్రమే కనబడితే పని త్వరగా తెములుతుంది.
• కమిట్ మెసేజ్‌లో మూడు సాక్ష్యాలూ రాయండి: టూల్ ఏమంది, లాగ్ ఎన్నాళ్ళు చూశారు, ఎవరిని అడిగారు.
• దాని టెస్టులు, సెట్టింగులు, డాక్యుమెంట్లు, అది తప్ప ఇంకెవరూ వాడని ప్యాకేజీలు కూడా తీయండి.
• డేటాబేస్ కాలమ్‌లు, టేబుళ్ళు అన్నిటికంటే ఆఖర్న. కోడ్‌ని గిట్ తిరిగిస్తుంది, డేటాని ఇవ్వదు.

అందరూ చేసే పొరపాట్లు

"మళ్ళీ కావాల్సి వస్తుందేమో" అని కామెంట్‌లో పెట్టడం. గిట్ ఉన్నది అందుకే. కామెంట్‌లో ఉన్న కోడ్‌ని కంపైలర్ చూడదు, టెస్టులు చూడవు, ఏడాది తిరిగేసరికి అది ఎందుకూ పనికిరాదు.

టూల్ మీద విసుగొచ్చి మొత్తం జాబితాని మినహాయింపుల ఫైల్లో పడేయడం. తప్పుడు అనుమానాలు వస్తాయి, నిజమే. ప్రతి మినహాయింపు పక్కన ఎందుకో ఒక్క ముక్క రాయండి: "పేరు అతికించి పిలుస్తున్నారు", "మ్యానిఫెస్ట్‌లో ఉంది". కారణం రాయలేకపోతే అది మినహాయింపు కాదు.

పాత ఫ్లాగ్‌కి కొత్త పని అప్పజెప్పడం. నైట్ క్యాపిటల్ చేసింది ఇదే. కొత్త పనికి కొత్త పేరు పెట్టండి, పాత ఫ్లాగ్‌ని దాని కోడ్‌తో సహా సాగనంపండి.

శుక్రవారం సాయంత్రం ఐదువేల లైన్లు ఒకేసారి తీసేసి ఇంటికి వెళ్ళడం. ఇది వివరించక్కర్లేదు కదా?

నడుస్తోంది కాబట్టి కావలసిందే అనుకోవడం. ఇది అన్నిటికంటే తెలివైనవాళ్ళు కూడా చేసే పొరపాటు. 1996 జూన్ 4న ఐరోపా ప్రయోగించిన ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయాణంలోనే ధ్వంసమైంది. ఏరియన్ 4 నుంచి తెచ్చిన ఒక అలైన్‌మెంట్ లెక్క రాకెట్ లేచాక కూడా దాదాపు 40 సెకన్లు నడిచేలా ఉంది. ఏరియన్ 5కి నేల విడిచాక ఆ లెక్కతో ఏ పనీ లేదు. కొత్త రాకెట్ వేగానికి ఒక సంఖ్య దానికి కేటాయించిన చోటు పట్టనంత పెద్దదైంది. దాంతో దారి చూపే వ్యవస్థ ఆగిపోయింది. లాగ్ పెడితే ఈ కోడ్ "నడుస్తోంది" అనే చెప్పేది. అందుకే మూడో ప్రశ్న: ఇది చేసే పని ఇంకా ఎవరికైనా కావాలా?

"మరి మేనేజర్ ఏమంటారు?"

వారమంతా పనిచేసి కొత్తగా ఏమీ రాయలేదంటే చిన్నచూపు చూస్తారని మీ సందేహం. 1982లో యాపిల్ సంస్థలో లీసా కంప్యూటర్ తయారవుతున్నప్పుడు, వారానికి ఎన్ని లైన్లు రాశారో ఫారంలో నింపమని మేనేజర్లు అడిగారు. అక్కడి ప్రోగ్రామర్ బిల్ ఆట్కిన్సన్ ఆ వారం గ్రాఫిక్స్ కోడ్‌లో ఒక భాగాన్ని సులువుగా తిరగరాసి, దాదాపు ఆరు రెట్లు వేగంగా నడిచేలా చేశారు. ఆ క్రమంలో రెండువేల లైన్లు తగ్గాయి. ఫారంలో "మైనస్ 2000" అని రాసిచ్చారు. కొన్ని వారాల తర్వాత ఆయన్ని ఆ ఫారం అడగడమే మానేశారు.

మీరు కూడా లెక్క చూపించండి. "ఇన్ని లైన్లు తీశాం, బిల్డ్ ఇంత తగ్గింది, ఇన్ని ప్యాకేజీలకి ఇక అప్‌డేట్లు అక్కర్లేదు" అని స్టాండప్‌లో చెప్పండి. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా, దీనికోసమే ఒక వ్యవస్థ కట్టుకుని ఐదేళ్ళలో 10 కోట్లకు పైగా లైన్లు తొలగించినట్టు 2023లో చెప్పింది. వాళ్ళకి అంత పేరుకుపోయిందంటే, మీ ప్రాజెక్టులో ఉండటం సిగ్గుపడాల్సిన సంగతేమీ కాదు.

ఈ వారం మీ పని

సోమవారం: ఒక ఫోల్డర్ ఎంచుకుని టూల్ నడపండి. జాబితాలోంచి ఐదే పేర్లు తీసుకోండి.
మంగళవారం: ఆ ఐదింటినీ పేరు ముక్కలతో సహా వెతకండి. ఒకటో రెండో వాడుకలోనే ఉన్నాయని తేలొచ్చు. మంచిదే, అవి తీసేయకుండా బయటపడ్డారు.
బుధవారం: మిగిలినవాటి చరిత్ర చూడండి. సంబంధించినవాళ్ళతో టీ తాగుతూ మాట్లాడండి.
గురువారం: తేలిపోయినవాటిని ఒక్కో కమిట్‌గా తీయండి. తేలనివాటిలో లాగ్ పెట్టండి.
శుక్రవారం: ఏమీ తీయకండి. ఆ టూల్‌ని బిల్డ్‌లో చేర్చండి. పాత జాబితాని అలాగే ఉంచి, కొత్తగా ఒక్క పేరు చేరినా బిల్డ్ ఆగేలా పెట్టండి. పాతవి మెల్లగా తగ్గుతాయి, కొత్తవి పుట్టవు.

మొదటి వారం మీరు తీసేది యాభై లైన్లే కావచ్చు. కానీ ఆ యాభై లైన్ల గురించి "ఇది ఎందుకు తీశావు?" అని ఎవరు అడిగినా, మూడు ప్రశ్నలకీ మూడు జవాబులు మీ కమిట్ మెసేజ్‌లోనే ఉంటాయి. వచ్చే వారానికి ఇంకో ఐదు పేర్లు తీసుకోండి.